ప్రదర్శన క్షేత్రంలో వచ్చే దిగుబడి పక్క చేలో ఎందుకు రాదు?

మీ ప్రశ్న సారాంశం ముందుగా చెబుతాను, తర్వాత చదివేవారికి తేలికగా ఉంటుంది. మీ బాబాయి గారు కోనసీమలో మూడెకరాలు కౌలుకు తీసుకుని వరి వేస్తారు. కాలువ శివారు భూమి. కొత్త పద్ధతి చూపించడానికి ఊళ్లో వేసిన ప్రదర్శన క్షేత్రంలో సార్వాకు, అంటే ఖరీఫ్‌కు, ఎకరాకు 34 బస్తాలు వచ్చాయి, ఆయనకు మంచి ఏడాదిలో కూడా 28 దాటవు. ఏ విత్తనం వేశారో, ఎరువు ఎప్పుడు ఎంత చల్లారో ఆయనకు తెలుసు, రోజూ ఆ గట్టు మీదుగానే నడుస్తారు. అయినా ఆ పద్ధతి పాటించరు. "ఇది బద్ధకమా, మొండితనమా, అవగాహన లేకపోవడమా? వచ్చే సార్వాకైనా ఎలా ఒప్పించాలి?" అని అడిగారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నానని, కావాలంటే కొంత డబ్బు సర్దగలనని కూడా రాశారు. ఆ చివరి మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

బద్ధకం కాదు, మొండితనమూ కాదు. అవగాహన లేదని అనడానికి అసలే లేదు. వ్యవసాయ విస్తరణ పనిలో చాలా కాలం గడిపిన వాణ్ని కాబట్టి ప్రదర్శన క్షేత్రాల సంగతి నాకు బాగా తెలుసు. వాటి ముందు పాతే బోర్డు మీద రకం పేరు, ఎరువుల మోతాదు, రైతు పేరు ఉంటాయి. నష్టం వస్తే ఎవరిదో మాత్రం రాయరు. విత్తనం, మందులు, చాలాసార్లు ఎరువు కూడా బయటి నుంచి వస్తాయి. తుపానుకు ఆ మడి పడిపోతే ఆ ఏడాది నివేదికలో ఒక ఫోటో తగ్గుతుంది. పక్క చేలో పడిపోతే ఒక ఇంట్లో అప్పు పెరుగుతుంది. ఈ రెండు మడుల దిగుబడిని పక్కపక్కన పెట్టి, తేడా అంతా అజ్ఞానం వల్లనే అనడం మా శాఖలకు చాలా కాలంగా ఉన్న అలవాటు.

మాటలతో చెబితే ఇది సానుభూతిలా వినిపిస్తుంది, అందుకని లెక్క వేద్దాం. అంకెలు గుండ్రంగా తీసుకుంటున్నాను, మీ ఊరి అంకెలు పెట్టి మీరు మళ్లీ వేసుకోవచ్చు. 2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాకు 1,777 అవుతుంది. హమాలీ, తరుగు, తేమ కోత పోగా చేతికి 1,700 వస్తుందనుకుందాం. ప్రదర్శన క్షేత్రం పద్ధతికి ఎకరాకు అదనంగా 6,000 ఖర్చు. మంచి ఏడాదిలో ఆరు బస్తాలు ఎక్కువ, అంటే 10,200. ఖర్చు పోగా మిగులు 4,200. నాలుగేళ్లలో ఒకటి తుపాను ఏడాది అనుకుందాం. ఎరువు తిని ఏపుగా పెరిగిన చేను బరువుకు ముందే పడుతుంది కాబట్టి ఆ ఏడాది పాత పద్ధతి కంటే రెండు బస్తాలు తక్కువ వచ్చాయనుకుందాం. పెట్టిన 6,000, పోయిన 3,400 కలిపి 9,400 అదనపు నష్టం. నాలుగేళ్లకు కలిపి చూస్తే ఎకరాకు 3,200 లాభం, మూడెకరాలకు 9,600. సగటు చూసే శాస్త్రవేత్త ఇక్కడితో ఆగి, కొత్త పద్ధతే మేలు అని రాసేస్తాడు.

కానీ ఏడాదులు సగటుగా రావు, వరసలో వస్తాయి. తుపాను నాలుగో ఏడు వస్తే చెప్పిందే నిజం, 9,600 మిగులుతుంది. మొదటి ఏడే వస్తే? మూడెకరాల మీద 28,200 అదనపు అప్పు. కౌలు రైతుకు బయట దొరికే అప్పు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. మరుసటి పంటకు ఆ అప్పు 34,968 అవుతుంది. కొత్త పద్ధతి ఇచ్చిన అదనపు మిగులు 12,600 మొత్తం కట్టినా 22,368 ఉంటుంది. దాని మీద మళ్లీ వడ్డీ, మళ్లీ 12,600. అలా మూడు మంచి ఏడాదులు వరసగా వచ్చాక కూడా ఇంకా 6,169 బాకీ. మూడు మంచి పంటల అదనపు మిగులంతా ధారపోసినా బాకీ తీరలేదు.

ఇప్పుడు అదే చేను, అదే వాన, అదే పద్ధతి ఉంచి ఒక్క వడ్డీని మార్చండి. పట్టా ఉన్న రైతుకు బ్యాంకు పంట రుణం 7 శాతానికి వస్తుంది, సకాలంలో కడితే 4 శాతమే పడుతుంది. 7 శాతమే వేసినా, తుపాను మొదటి ఏడే వచ్చినా, నాలుగేళ్ల చివర ఆ రైతుకు 5,962 రూపాయలు మిగులుతాయి. భూమి సారంలో తేడా లేదు, తెలివిలో తేడా లేదు. ఒకరికి లాభం తెచ్చే పద్ధతి ఇంకొకరికి నష్టం తెస్తోంది, తేడా అప్పు ఎక్కడ దొరుకుతుందన్న దానిలో ఉంది. మీ బాబాయి గారు ఈ లెక్క కాగితం మీద వేసి ఉండకపోవచ్చు. ఫలితం మాత్రం ఆయనకు అనుభవంలో తెలుసు.

దీనికి కౌలు కలపండి. సార్వాకు ఎకరాకు పది బస్తాల కౌలు అనుకుంటే, 28 పండినప్పుడు అది మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. 12 పండినప్పుడు ఆయన ఇంటికి చేరేది రెండు బస్తాలు. పంట ఎంత పోయినా కౌలు పోదు. అందుకే ఆయన ఆలోచన "ఎంత ఎక్కువ పండుతుంది" అనే వైపు నుంచి కాక "ఎంత తక్కువకు పడిపోతుంది" అనే వైపు నుంచి మొదలవుతుంది.

చిన్న రైతుకు పుట్టుకతోనే భయం ఎక్కువ, పెద్ద రైతుకు ధైర్యం ఎక్కువ అని ఒక మాట ఉంది. దీన్ని చాలా ఏళ్ల క్రితమే మన దగ్గరే పరీక్షించారు. మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాల్లో పాలమూరు జిల్లా అవురుపల్లె, డోకూరు కూడా ఉన్నాయి. ఆ అధ్యయనాల్లో పనిచేసిన హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త పల్లె జనంతో నిజమైన డబ్బు పెట్టి పందెం లాంటి ఆటలు ఆడించారు. పందెం సొమ్ము చిన్నదిగా ఉన్నప్పుడు మనుషులు రకరకాలుగా ప్రవర్తించారు. సొమ్ము పెరిగేకొద్దీ దాదాపు అందరూ ఒకే స్థాయిలో జాగ్రత్తపడ్డారు. ఆస్తి ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ స్వభావంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆట కాబట్టి అందరి ముందూ అవే షరతులు ఉన్నాయి. పొలంలో షరతులు ఒకటి కావు. పదిహేనెకరాల ఆసామి ధైర్యంగా కనిపించేది ఆయన వెనుక బ్యాంకు, కొబ్బరి తోట, ఉద్యోగం చేసే కొడుకు ఉండటం వల్ల.

ఇంకా బలమైన ఆధారం ఒడిశాలో దొరికింది, దానికి మన మార్టేరుతో సంబంధం ఉంది. పశ్చిమ గోదావరిలోని మార్టేరు పరిశోధన స్థానం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ అనే వరి రకం, అంటే ఎం.టి.యు. 7029, తూర్పు భారతమంతా పాకింది. దాని బలహీనత ముంపు. చేను వారం పైబడి నీళ్లలో మునిగితే చచ్చిపోతుంది. ఒడిశాకే చెందిన ఎఫ్.ఆర్. 13ఎ అనే పాత నాటు రకంలో ముంపును ఓర్చుకునే జన్యువు ఉందని గుర్తించి, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో దాన్ని స్వర్ణలోకి తెచ్చారు. అలా వచ్చిన స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల వరకు ముంపును తట్టుకుంటుంది. ముంపు లేనప్పుడు మాత్రం స్వర్ణకూ దీనికీ దిగుబడిలో తేడా లేదు.

2011లో బాలేశ్వర్, భద్రక్ జిల్లాల్లో కొన్ని ఊళ్లను చీటీ వేసినట్టు ఎంచి, అక్కడి కొందరు రైతులకు ఐదేసి కిలోల స్వర్ణ సబ్-1 విత్తనం ఇచ్చారు. మిగతా ఊళ్లతో పోల్చి చూశారు. ఆ విత్తనం అందినవాళ్లు తర్వాతి ఏడాది ఎరువు ఎక్కువ వేశారు, వెదజల్లడం తగ్గించి నాట్లు పెంచారు, సాగు విస్తీర్ణం పెంచారు, పంట రుణం కూడా ఎక్కువ వాడుకున్నారు. వరద రాని పరిస్థితుల్లో కూడా దిగుబడి సుమారు పదో వంతు పెరిగింది. ఎరువు ఎక్కువ వేయమని వాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు. చెడ్డ ఏడాదిలో పడే దెబ్బ తగ్గుతుందని నమ్మకం కుదిరింది, మంచి ఏడాది కోసం పెట్టుబడి వాళ్లే పెట్టుకున్నారు. మీ ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు.

ఇప్పుడు మీ బాబాయి గారి పొలంలో ఆ ఆరు బస్తాలు ఎక్కడెక్కడ జారిపోతున్నాయో చూద్దాం. ఆకుమడి దగ్గరే మొదలవుతుంది. జూన్‌లో కాలువకు నీరు వదిలినా శివారుకు చేరేసరికి ఆలస్యం. చేరాక జూలైలో గోదావరికి వరద వస్తే మురుగు వెనక్కి తన్ని ఊడ్చిన చేను మునుగుతుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో, పల్లపు చేలల్లో ఏం జరిగిందో ఆయన చూశారు. అందుకని ఊడ్పులు వెనక్కి నెడతారు, లేదా మునిగితే మళ్లీ ఊడ్చుకోవడానికి ఆకు అదనంగా పోసి ఉంచుతారు. ముదురు ఆకు ఊడిస్తే పిలకలు తగ్గుతాయని ఆయనకు తెలియక కాదు. తర్వాత ఎరువు. యూరియా పైపాటు చిరుపొట్ట దశలో వేయాలి, కానీ అప్పటికి ఆకాశం ఎలా ఉందో చూసి సగమే వేస్తారు, లేదా ఆపేస్తారు. కోత దగ్గర మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అల్పపీడనం అని వార్త వినగానే యంత్రం పిలిచి పచ్చిగా కోయించి, తేమ 17 శాతానికి దిగకముందే వచ్చిన ధరకు వ్యాపారికి తూయించేస్తారు. రెండు మూడు ఎండలు ఆగితే బస్తాకు వంద రూపాయలు ఎక్కువ రావచ్చు. ఆగిన ఆ మూడు రోజుల్లో కళ్లంలో రాశి తడిసి మొలకెత్తనూ వచ్చు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తుపాను తీరం దాటినప్పుడు ఎన్నో చోట్ల జరిగింది అదే.

ఇలా చూస్తే దిగుబడిలో తగ్గేదంతా ఒక రకంగా బీమా రుసుమే. ఎవరూ అమ్మని బీమాను ఆ కుటుంబం తన పంటలోంచి తానే కోసుకుని కట్టుకుంటోంది.

ఒక విషయంలో మాత్రం భయం ఎదురు తిరుగుతుంది. ఎరువు విషయంలో చేయి బిగించే రైతే పురుగు మందు విషయంలో అవసరానికి మించి ఖర్చు పెడతాడు. వరి రసం పీల్చే దోమ కనిపించకముందే మందు కొడతాడు, రెండు మందులు కలిపి కొడతాడు. దానివల్ల దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చి, సుడిదోమ ఇంకా విజృంభిస్తుంది. పెట్టుబడి మందుల దుకాణం నుంచే అరువుగా వస్తున్నప్పుడు ఏ మందు ఎప్పుడు కొట్టాలో నిర్ణయించేది కూడా ఆ దుకాణమే. మీరు మార్చాలనుకుంటే ముందు ఇక్కడ మార్చండి, ఎందుకంటే ఇది ఖర్చును, ప్రమాదాన్ని ఒకేసారి తగ్గించే చోటు. ఊడ్చేటప్పుడే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి, వెలుతురు ఆడి దోమ తగ్గుతుంది. డబ్బు ఖర్చు లేదు. కూలీల ముఠాకు మొదటిరోజు తాడు పట్టి చూపించే ఓపిక కావాలి, అంతే.

పంటల బీమా ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఉంది, వదులుకోవద్దు కూడా. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో ఖరీఫ్ వరికి రైతు వాటా బీమా మొత్తంలో 2 శాతం, రబీకి 1.5 శాతం. అయితే ప్రధాన పరిహారానికి అది మీ బాబాయి గారి చేనును చూడదు, ఊరి సగటును చూస్తుంది. గత ఏడేళ్లలో మేలైన ఐదేళ్ల సగటు తీసి, అందులో 70, 80 లేదా 90 శాతాన్ని హద్దుగా పెడతారు. సగటు 26 బస్తాలు, హద్దు 80 శాతం అనుకుంటే 20.8 బస్తాలు. పంట కోత ప్రయోగాల్లో ఊరి దిగుబడి 18 తేలితే లోటు 13 శాతం పైచిలుకు. బీమా మొత్తం ఎకరాకు 40,000 అయితే అందరికీ సుమారు 5,400 వస్తుంది. ఎగువన 24 బస్తాలు పండించినవారికీ అంతే, శివారులో 28కి బదులు 12 దగ్గర ఆగి ఎకరాకు 27,000 నష్టపోయిన మీ బాబాయి గారికీ అంతే. ఊరి దిగుబడి 21 ఉంటే ఎవరికీ ఏమీ రాదు. పైగా పరిహారం వచ్చేసరికి మరుసటి పంట పెట్టుబడి వడ్డీకి తేవడం అయిపోయి ఉంటుంది. అసలు పట్టా యజమాని పేరున ఉంది కాబట్టి డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో అది ఇంకో గొడవ. కోసి పనల మీద ఉన్న పంట తుపానుకు తడిస్తే 14 రోజుల వరకు విడిగా రక్షణ ఇచ్చే నిబంధన ఒకటుంది. అది అమలులో ఉన్న చోట 72 గంటల్లోపు సమాచారం ఇవ్వాలి. చాలామంది అక్కడే తప్పిపోతారు. ఆ పని మీరు హైదరాబాద్ నుంచే ఫోనులో చేసి పెట్టవచ్చు.

2011 సార్వాలో మీ కోనసీమ రైతులే పంట విరామం ప్రకటించిన సంగతి ఇంట్లో విని ఉంటారు. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా నాయకత్వంలో కమిటీ కూడా వేసింది. కాలువ నీరు కళ్ల ముందు పారుతుండగా పొలం బీడు పెట్టడం బయటివాళ్లకు వింతగా అనిపించింది. ఖర్చు ఖాయం, రాబడి గాలిలో దీపం అయినప్పుడు వేయకపోవడమే తక్కువ నష్టమని వాళ్లు లెక్కగట్టారు. మీ బాబాయి గారు ఏటా చిన్న మోతాదులో చేస్తున్నది అదే లెక్క.

ఇక చేయదగినవి. నా మటుకు నాకు వరుస స్పష్టంగానే ఉంది: చెడ్డ ఏడాది నష్టాన్ని తగ్గించే పనులు ముందు, దిగుబడి పెంచే పనులు తర్వాత. శివారు చేనుకు మొదటి పెట్టుబడి మురుగు బోదె. గుర్రపుడెక్క తీయించి, పూడిక ఎత్తించకుండా మేలైన విత్తనం గురించి మాట్లాడటం దండగ. ఇది ఒక్కరి వల్ల అయ్యేది కాదు, ఆ బోదె కింది రైతులందరూ కలవాలి. రకం విషయానికొస్తే, ముంపును కొంత ఓర్చుకునే ఇంద్ర (ఎం.టి.యు. 1061), అమర (ఎం.టి.యు. 1064) మార్టేరు నుంచే ఉన్నాయి. మూడెకరాలకూ ఒకే రకం, ఒకే తేదీ వద్దు. జూన్ 10న పోసిన 150 రోజుల రకం నవంబరు 7 ప్రాంతంలో కోతకొస్తుంది, జూలై 10న పోసినది డిసెంబరు 7కు. ముందు వేస్తే గండం తప్పుతుందని కొందరు ఖాయంగా చెబుతారు. కోనసీమను ఊడ్చేసిన 1996 తుపాను నవంబరు 6న వచ్చింది, మొంథా 2025లో అక్టోబరు 28న వచ్చింది. తేదీని జరపడం కంటే తేదీలను విడదీయడమే నాకు నమ్మకంగా అనిపిస్తుంది. కోత ముందు వాన పడి వెన్నులు తడిస్తే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయడం మొలకను ఆపుతుంది, చవకైన పని.

కౌలు మాటకు వస్తే, కౌలు రైతుకు ఇచ్చే సాగుదారు హక్కు పత్రం కోసం యజమానిని అడిగించండి. 2019 చట్టం ప్రకారం అది పదకొండు నెలల ఒప్పందం, భూమి హక్కుకు దానితో సంబంధం లేదు. అయినా యజమానులు సంతకానికి జంకుతారు. ఊళ్లో పెద్దమనిషి ఎవరైనా మధ్యలో ఉంటే పని జరుగుతుంది. అలాగే పంట సగానికి పైగా పోయిన ఏడాది కౌలు ఎంత తగ్గించాలో ముందే మాట్లాడుకోవాలి. డెల్టాలో ఇప్పటికీ మంచి యజమానులు నోటిమాటగా తగ్గిస్తారు, ఆ మాటను జూన్‌లోనే అనిపించుకోవడం మేలు, డిసెంబరులో కాదు. పండినదాన్ని యజమాని, రైతు చెరిసగం పంచుకునే సగపాలు పద్ధతి దిగుబడిని తగ్గిస్తుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి, మెరక భూమిలో అది నిజమే కావచ్చు. మునిగే శివారులో మాత్రం యజమాని కూడా నష్టంలో పాలుపంచుకునే పద్ధతిని నేను తక్కువ చేయను. నష్టంలో వాటా ఉన్న యజమాని మురుగు బోదె గురించి అడగడం మొదలుపెడతాడు.

చివరగా మీ డబ్బు సంగతి. "ఈ పద్ధతి చెయ్యి బాబాయ్, డబ్బు నేనిస్తాను" అంటే ఆయన ఒప్పుకోరు. ఒప్పుకున్నా అది ఇంకో అప్పు కిందే లెక్కవేస్తారు. దానికి బదులు ఒక అరెకరం ఎంచుకోమనండి. ఆ అరెకరంలో మాత్రమే ప్రదర్శన క్షేత్రం పద్ధతి, మిగతా రెండున్నర ఎకరాలు ఆయన ఇష్టం. పంట బాగుంటే మిగులంతా ఆయనదే. పడిపోతే పక్క చేనుతో పోల్చి వచ్చిన తేడా మీరు ఇస్తారు. పై లెక్క ప్రకారం ఎకరాకు 9,400 అంటే అరెకరానికి 4,700, మీ చేతి నుంచి పోయే గరిష్ఠ మొత్తం ఇంచుమించు అంతే. ఈ మాట పంట వేయకముందే, పిన్నిగారి ఎదుట చెప్పండి. ఆ ఇంట్లో అప్పుల లెక్క ఆవిడ దగ్గర ఉంటుంది కాబట్టి ఒప్పుకోవలసింది ముందు ఆవిడే. కోత రోజున రెండు మడుల ధాన్యం విడివిడిగా తూయించి, బస్తాలు, ఖర్చులు రెండూ రాసిపెట్టుకోండి. డిసెంబరులో ఆ అంకెలు ఇక్కడ పెడితే దాళ్వాకు, అంటే రబీకి, ఏం చేయవచ్చో చూద్దాం.